క్రీడాచార్యురాలు మార్గరెట్ వేడ్

కొందఱు తమకు కలిగిన నష్టమును తలచుకొని జీవితాంతము విచారింతురు. మఱికొందఱు తాము పోగొట్టుకొనినది తమ తరువాతివారికైనను దక్కునట్లు పాటుపడుదురు. ఈ రెండవ తెగవారిలో అమెరికా సంయుక్త రాష్ట్రములందలి మిస్సిస్సిప్పీ రాష్ట్రమునకు చెందిన మార్గరెట్ వేడ్ ఒకర్తె. ఆమె ప్రాణముతో సమానముగా ప్రేమించిన యాట బాస్కెట్‌బాల్. పందొమ్మిదేండ్ల ప్రాయమున ఆ యాట ఆమెనుండి తీసివేయబడెను. అఱువదేండ్ల ప్రాయమున అది మరల ఆమె చేతికి వచ్చెను. ఈ రెంటికి నడుమ ఆమె ఏమి చేసినదియు, 1974-75వ క్రీడాసంవత్సరమున ఆమె జట్టు ఏమి సాధించినదియు తెలిసికొనదగిన విషయములు.

బాస్కెట్‌బాల్ 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున పుట్టెను. శీతకాలమున మంచుచేత వెలుపల ఆడుటకు వీలులేనప్పుడు యువకులు ఇంటిలోపల ఆడుకొనదగిన యాట యొకటి కావలెనని, వై. ఎం. సి. ఎ. వారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడగు జేమ్స్ నైస్మిత్ పండ్లబుట్టలు రెంటిని గోడలపై ఎత్తుగా కట్టించి, వానిలో బంతిని వేయు నీ క్రీడను కల్పించెను. మరుసటి సంవత్సరముననే స్మిత్ కళాశాలలో వ్యాయామోపాధ్యాయినియగు సెండా బెరెన్సన్ దీనిని బాలికలకు నేర్పెను. ఐనను స్త్రీల శరీరములు అంతటి శ్రమకు ఓర్వజాలవని ఆ కాలమున పెద్దలు తలచుటచేత, ఆమె ఆటస్థలమును మూడు భాగములు చేసి, ఏ భాగముననున్న బాలిక ఆ భాగమును దాటరాదని నియమము పెట్టెను. ఒకరి చేతిలోని బంతిని మఱియొకరు లాగికొనరాదు. బంతిని మూడుమారులకంటె ఎక్కువగా నేలకు కొట్టరాదు. ఇట్టి నియమములతో స్త్రీల ఆట పురుషుల ఆటనుండి వేఱై, బహుకాలము వేఱుగనే నడచెను.

మార్గరెట్ వేడ్ 1912వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీని మిస్సిస్సిప్పీ రాష్ట్రమున మెకూల్ అను చిన్న యూరిలో జన్మించెను. ఆమె విద్యాభ్యాసమును, తరువాతి జీవితమును చాలవఱకు అదే రాష్ట్రమందలి క్లీవ్‌లండు పట్టణమున గడచెను. ఒహయో రాష్ట్రమున ఇదే పేరుగల మహానగర మొకటి కలదు. ఇది అది కాదు. మిస్సిస్సిప్పీ, యాజూ నదుల నడుమ, మన కృష్ణా గోదావరీ మండలములవలెనే సమతలమై, ఒండ్రుమట్టితో నిండి, ప్రత్తిపంటకు పేరుపొందిన ప్రదేశమునకు డెల్టా యని పేరు. క్లీవ్‌లండు ఆ ప్రదేశమునందలి యొక చిన్న పట్టణము. అచ్చట ఉపాధ్యాయులను తయారుచేయుటకై 1925వ సంవత్సరమున డెల్టా స్టేట్ కళాశాల తెఱువబడెను. మార్గరెట్ ఉన్నత పాఠశాలలోనే మంచి ఆటకత్తెయని పేరు తెచ్చుకొని, 1929వ సంవత్సరమున ఈ కళాశాలలో చేరి, జట్టులో చోటు సంపాదించి, దానికి నాయకురాలయ్యెను.

మూడు సంవత్సరములు సుఖముగా గడచెను. కాని అప్పటికే దేశమునందు వేఱొక గాలి వీచుచుండెను. కళాశాలల బాలికలు జట్లుగా ఏర్పడి, ఒక యూరివారు మఱియొక యూరివారితో పోటీపడుట వారి ఆరోగ్యమునకును మర్యాదకును తగదని వాదించువారు ప్రబలులైరి. 1923వ సంవత్సరమున ఏర్పడిన స్త్రీల క్రీడావిభాగ మొకటి ఈ యభిప్రాయమునే దేశమంతట వ్యాపింపజేసెను. అందు పనిచేసినవారిలో విద్యావంతులగు స్త్రీలే పెక్కుమంది యుండిరి. వారు బాలికలకు కీడు తలచినవారు కారు, మేలు చేయుచున్నామనియే నమ్మిరి. ఐనను ఫలితము మాత్రము నిషేధమే యయ్యెను. 1932వ సంవత్సరమున డెల్టా స్టేట్ కళాశాలాధికారులు, ఈ యాట యువతులకు మిక్కిలి శ్రమకరమను కారణము చెప్పి, బాలికల జట్టును రద్దుచేసిరి.

ఆ బాలికలు ఏమి చేయగలరు? పైవారితో వాదించి గెలుచు బలము వారికి లేదు. వారు కన్నీరు కార్చుచు, తాము ధరించి ఆడిన దుస్తులను కుప్పవేసి నిప్పంటించిరి. వారి యసమ్మతిని తెలుపుటకు ఆ మంట తప్ప వేఱు మార్గము లేకపోయెను. మార్గరెట్ ఆ జట్టు నాయకురాలు. ఆ దినమున ఆమె వయస్సు పందొమ్మిదేండ్లు. ఈ సంగతిని ఆమె ముసలితనము వఱకు మఱువలేదు.

చదువు ముగిసిన పిదప ఆమె ట్యుపెలో పట్టణపు రెడ్ వింగ్సు అను జట్టులో చేరి రెండేండ్లు ఆడెను. మోకాలికి దెబ్బ తగులుటచేత అదియు నిలిచిపోయెను. ఇక తాను ఆడుటకు అవకాశము లేదని యెఱిగి, ఆమె నేర్పుటకు పూనుకొనెను. క్లీవ్‌లండు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినియై, సుమారు ఇరువది సంవత్సరములు బాలికల జట్టునకు శిక్షణ మిచ్చెను. ఆ కాలమున ఆ జట్టు 453 ఆటలు గెలిచి, 89 మాత్రమే ఓడి, 6 ఆటలను సమానముగా ముగించెను. ఈ సంఖ్యలను చూచినయెడల ఆమె నేర్పు తెలియకమానదు. కాని వీని వెనుక నొక విషాదము కలదు. ఆమెవద్ద ఇంత చక్కగా నేర్చుకొనిన బాలిక ఉన్నత పాఠశాల విడిచినతోడనే ఆట ముగిసిపోవుచుండెను. ఆ పాఠశాల యున్న యూరిలోనే కళాశాల కలదు. కళాశాలలో వ్యాయామశాల కలదు. అందు బాలురు ఆడుచుండిరి. బాలికల కొఱకు మాత్రము జట్టు లేదు.

1954వ సంవత్సరమున ఆమె ఉన్నత పాఠశాల జట్టు శిక్షణను మానెను. 1959వ సంవత్సరమున డెల్టా స్టేట్ కళాశాలలో స్త్రీల వ్యాయామవిద్యకు అధ్యాపకురాలిగా ప్రవేశించెను. తన ఆటను తీసివేసిన కళాశాలలోనే ఆమె ఉద్యోగినియయ్యెను. అచ్చట పదునాలుగేండ్లు విద్యార్థినులకు వ్యాయామము బోధించుచు గడపెను. అప్పటి కామె వయస్సున నున్నవారు విశ్రాంతివేతనమును గూర్చి ఆలోచించుట సహజము.

ఇంతలో కాలము మారెను. 1971వ సంవత్సరమున కళాశాలల స్త్రీల ఆటకు పాత హద్దులు తొలగింపబడి, ఐదుగురు బాలికలు ఆటస్థలమంతయు పరుగిడి ఆడుట విధిగా ఏర్పడెను. ఆ సంవత్సరముననే స్త్రీల అంతరకళాశాలా క్రీడాసంఘము పని ప్రారంభించి, 1972వ సంవత్సరము మొదలు జాతీయపోటీలు జరిపింపసాగెను. అదే సంవత్సరమున అమెరికా ప్రభుత్వము టైటిల్ నైన్ అను శాసనము చేసెను. ప్రభుత్వధనము పొందు ఏ విద్యాలయమునందును స్త్రీయను కారణముచేత ఎవరిని ఏ కార్యక్రమమునుండియు తొలగింపరాదని దాని సారము. అందు ఆటల మాట స్పష్టముగా లేకపోయినను, దాని ఫలము ఆటస్థలములయందే ఎక్కువగా కనబడెను.

1973వ సంవత్సరమున డెల్టా స్టేట్ అధ్యక్షుడగు ఆబ్రీ లూకస్ బాలికల జట్టును మరల స్థాపింప నిశ్చయించి, దాని శిక్షణభారమును వహింపుమని మార్గరెట్ వేడ్‌ను కోరెను. జట్టు రద్దయి అప్పటికి నలువదియొక్క సంవత్సరములు. ఆమెకు అఱువదేండ్లు. జట్టునకు శిక్షణ మిచ్చుట మాని పందొమ్మిదేండ్లయ్యెను. ఆమె ఆడినదియు నేర్పినదియు పాతకాలపు హద్దులలోని ఆట. ఇప్పటి ఆట వేఱు. నిరాకరించుటకు ఇన్ని కారణము లుండగా ఆమె అంగీకరించెను. మొదటి సంవత్సరము జట్టు 16 ఆటలు గెలిచి 2 ఆటలు ఓడెను.

ఆ జట్టున ముఖ్యురాలు లూసియా హారిస్ అను నల్లజాతి యువతి. ఆమె 1955వ సంవత్సరమున మింటర్ సిటీ అను గ్రామమున కూరగాయలు పండించు కుటుంబమున జన్మించెను. పదునొకండుగురు బిడ్డలలో ఆమె పదవది. ఎత్తు 6 అడుగుల 3 అంగుళములు. ఆమె మొదట నల్లజాతివారి కళాశాలయగు ఆల్కార్న్ స్టేట్‌లో చేరదలచెను. కాని అచ్చట స్త్రీల జట్టు లేకపోవుటచేత, పిలుపు వచ్చిన డెల్టా స్టేట్‌నకు వచ్చెను. ఈ సంగతి మన దేశపు చదువరులకు సులభముగా బోధపడును. ఒకే యూరిలో ఒక వాడవారికి ఒక బడి, మఱియొక వాడవారికి మఱియొక బడి యను నియమము మిస్సిస్సిప్పీలో తరతరములుగా నుండెను. డెల్టా స్టేట్ కళాశాలయు మొదట తెల్లవారి కొఱకే స్థాపింపబడినది. నల్లజాతి విద్యార్థులు అందు ప్రవేశించి అప్పటికి పదియేండ్లైనను కాలేదు. జట్టునందు నల్లజాతిది హారిస్ ఒక్కతెయే. జట్టునకు ఆధారస్తంభమును ఆమెయే. స్త్రీయను కారణమున ఆటస్థలమునుండి తొలగింపబడిన మార్గరెట్ వేడ్, రంగును కారణముగా చూపి తొలగింపబడిన జాతికి చెందిన ఈ యువతిని జట్టు నడుమ నిలిపెను.

హారిస్‌నకు తోడుగా నిలిచినది డెబీ బ్రాక్. ఆమె ఎత్తు 4 అడుగుల 11 అంగుళములు. ఒకతె తల యెత్తి చూడవలసినంత పొడగరి, మఱియొకతె జనసమూహమున కానరానంత పొట్టిది. చిన్నది బంతిని నడిపించి తెచ్చుట, పొడవైనది బుట్టచెంత నిలిచి దానిని అందుకొనుట, వీరి ఆటకు మూలము. వాండా హెయిర్‌స్టన్, కార్నీలియా వార్డ్, రమోనా వాన్ బోక్‌మన్ అనువారు తక్కిన ముగ్గురు. ఆటకు ఒకే కొలతగల మనుష్యులు కావలెనను భ్రమను ఈ జట్టు తొలగించెను.

1974-75వ క్రీడాసంవత్సరము ప్రారంభమైనప్పుడు స్త్రీల కళాశాలాక్రీడలలో ఇమాక్యులేటా అను పేరే అందఱి నోటను వినబడుచుండెను. అది ఫిలడెల్ఫియా నగర సమీపముననున్న చిన్న కాథలిక్కు కళాశాల. జాతీయపోటీలు మొదలైన 1972వ సంవత్సరము మొదలు మూడేండ్లు వరుసగా విజయము దానిదే. ఆ జట్టు ఆడునప్పుడు కన్యాస్త్రీలు తమ నిలువుటంగీలతోనే వచ్చి కూర్చుండి, రేకుబాల్చీలను మ్రోగించుచు తమ విద్యార్థినులను ప్రోత్సహించుట దేశమంతట ప్రసిద్ధము. 1975వ సంవత్సరము ఫిబ్రవరిలో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనున మొట్టమొదట జరిగిన స్త్రీల కళాశాలల ఆటలోను ఈ జట్టే ఆడెను. అంతటి పేరుగలవారిని, జట్టు పునఃస్థాపింపబడి రెండేండ్లైనను నిండని డెల్టా స్టేట్‌వారు జయింతురని ఎవరు తలతురు?

కాని డెల్టా స్టేట్ బాలికలు ఒకదాని వెనుక ఒకటిగా ఆటలు గెలుచుచు వచ్చిరి. ఓటమి యన్నది లేకయే 1975వ సంవత్సరము మార్చి మాసమున వర్జీనియా రాష్ట్రమందలి హారిసన్‌బర్గు పట్టణమునకు జాతీయపోటీలకై వెడలిరి. అచ్చట పదునాఱు జట్లు చేరెను. తుదియాటలో డెల్టా స్టేట్‌నకు ఎదురుగా నిలిచినది ఇమాక్యులేటాయే. ఆ దినమున హారిస్ ఒక్కతెయే 32 పాయింట్లు సంపాదించి, గుఱి తప్పి మరలిన బంతులను పదునాఱుమారులు పట్టుకొనెను. ఆట ముగియునప్పటికి డెల్టా స్టేట్‌నకు 90 పాయింట్లు, ఇమాక్యులేటాకు 81. ఆ సంవత్సరము ఆడిన 28 ఆటలలోను డెల్టా స్టేట్ గెలిచెను. ఒక్కటియు ఓడలేదు.

అప్పటికి మార్గరెట్ వేడ్ వయస్సు అఱువదిరెండేండ్లు. 1932వ సంవత్సరమున ఏ కళాశాలాధికారులు ఈ యాట యువతులకు మిక్కిలి శ్రమకరమని చెప్పి జట్టును రద్దుచేసిరో, ఆ కళాశాల పేరు వ్రాసిన దుస్తులు ధరించి, పాత హద్దులులేని ఆటస్థలమున, బాలికలు 28 ఆటలు ఆడి, దేశమునకెల్ల మొదటివారై నిలిచిరి. నలువదియేండ్లనాడు ఆ మాట చెప్పినవారు దానిని పరీక్షించి చూడలేదు. పరీక్షించినవారు ఈ బాలికలు. ఆమె ఎవరిని నిందింపలేదు, ఎవరితో వాదింపలేదు. ఆమె జట్టు ఆడిన ఆటయే ఆమె వాదము.

ఆ విజయము ఒక్క సంవత్సరముతో ముగియలేదు. 1976వ సంవత్సరమున ఒక్క ఆట మాత్రమే ఓడి, 33 గెలిచి, తుదియాటలో ఇమాక్యులేటాను 69-64 పాయింట్లతో మరల జయించిరి. 1977వ సంవత్సరమున తుదియాటలో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయమువారిని 68-55 పాయింట్లతో ఓడించి మూడవమారు జాతీయవిజేతలైరి. ఈ కాలముననే వరుసగా 51 ఆటలు ఓటమి యెఱుగక గెలిచిరి. 1976వ సంవత్సరమున కెనడా దేశపు మాంట్రియల్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాస్కెట్‌బాల్ మొదటిసారిగా ప్రవేశపెట్టబడెను. ఆ పోటీలలో మొట్టమొదటి పాయింట్లు సంపాదించిన చేయి లూసియా హారిస్‌ది. అమెరికా జట్టునకు వెండి పతకము లభించెను.

ఇచ్చట నొక సత్యమును దాచరాదు. తలుపు తెఱువబడినను పూర్తిగా తెఱువబడలేదు. కళాశాలలో 2,981 పాయింట్లు సంపాదించిన హారిస్ చదువు ముగించుకొని బయటకు వచ్చునప్పటికి, ఆటయే వృత్తిగా జీవించుటకు స్త్రీలకు దేశమున నిలుకడగల సంఘ మొకటియు లేదు. 1977వ సంవత్సరమున న్యూ ఆర్లియన్స్ జాజ్ అను పురుషుల జట్టు ఆమెను ఎన్నుకొనెను గాని, ఆమె దానికి అంగీకరింపలేదు. స్త్రీల వృత్తిసంఘ మొకటి కొంత తరువాత ఏర్పడగా అందు ఒక సంవత్సరము మాత్రము ఆడి, తన కళాశాలకే తిరిగి వచ్చి పనిచేసెను. గురువునకు కళాశాల ఆట నడిమిలో మూసికొనిపోయెను. శిష్యురాలికి కళాశాల ఆట పూర్తిగా దక్కెను, దానికి పైమెట్టు మాత్రము సిద్ధముగా లేదు. ఒక తరమువారు ఒక్క మెట్టు కట్టగలిగిరి. తక్కినవి తరువాతివారు కట్టవలసియుండెను.

మార్గరెట్ వేడ్ 1979వ సంవత్సరమున శిక్షణమునుండి విరమించెను. డెల్టా స్టేట్ జట్టు ఆమె చేతిక్రింద ఆఱు సంవత్సరములలో 157 ఆటలు గెలిచి 23 మాత్రమే ఓడెను. అంతకు ముందే, 1978వ సంవత్సరము మొదలుకొని, కళాశాలలలో ఉత్తమ క్రీడాకారిణికి ఏటేట ఇచ్చు బహుమానమునకు వేడ్ ట్రోఫీ యని ఆమె పేరు పెట్టబడెను. దానిని మొదట పొందినది మాంట్‌క్లెయిర్ స్టేట్ కళాశాలకు చెందిన కారల్ బ్లేజియోస్కీ. 1985వ సంవత్సరమున స్ప్రింగ్‌ఫీల్డునందలి నైస్మిత్ కీర్తిమందిరమున స్త్రీలకు మొదటిసారిగా స్థానము లభించినప్పుడు, ఆ మొదటి ముగ్గురిలో మార్గరెట్ వేడ్ ఒకర్తె. ఆ ముగ్గురిలోనే మఱియొకతె సెండా బెరెన్సన్. ఆటస్థలమునకు హద్దులు గీచి స్త్రీలకు ఆటను తెచ్చిన యామెయు, ఆ హద్దులు చెరిగిన పిమ్మట విజయము తెచ్చిన యీమెయు, ఒక్కదినమున ఒక్కచోటికి చేరిరి. 1992వ సంవత్సరమున లూసియా హారిస్‌నకును అచ్చట స్థానము లభించెను. గురువు బ్రదికియుండి ఆ గౌరవమును చూడగలిగెను. 1995వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీని మార్గరెట్ వేడ్ తన ఎనుబదిమూడవ యేట దివంగతురాలయ్యెను.

ఈమె జీవితమును చదివి, ఓపిక పట్టినచో అన్నియు దొరకునని నీతి చెప్పుట సులభము. కాని అది పూర్తి సత్యము కాదు. 1932వ సంవత్సరమున దుస్తులు కాల్చిన బాలికలకు వారి ఆట తిరిగి రాలేదు. ఆ తరువాతి నలువదియొక్క సంవత్సరములలో డెల్టా స్టేట్ కళాశాలకు వచ్చిన బాలికలలో ఎన్ని చేతులలో నేర్పుండెనో, ఎన్ని కాళ్ళలో వేగముండెనో లోకమునకు తెలియదు, ఎన్నటికిని తెలియబోదు. ఇరువదియెనిమిది విజయములు ఆ నష్టమును పూడ్చజాలవు. అవి ఆ నష్టమెంత పెద్దదో చూపినవి.

కావున విద్యార్థినీ విద్యార్థులారా, ఈ చరిత్రమున మనకు గ్రహింపదగినవి రెండు కలవు. మనకు చేజాఱిన భాగ్యము మఱియొకరికి దక్కుటకు పాటుపడుట గొప్పతనము. మార్గరెట్ వేడ్ ఆ పని తలుపు మూసియున్న కాలమునను మానలేదు, తెఱచిన దినమున ఆలస్యమును చేయలేదు. ఇది మొదటిది. రెండవది మనలో పెద్దరికము వహించువారందఱికిని వర్తించును. ఒకరు బాలికయనియో, పొట్టివారనియో, వేఱొక వాడవారనియో చెప్పి, ఈ పని నీకు తగదని నోట ననుటకు ముందు, వారిని ఆ పని చేసి చూడనిచ్చితిమా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. డెల్టా స్టేట్ కళాశాలవారికి ఆ ప్రశ్న తోచుటకు నలువదియొక్క సంవత్సరములు పట్టెను. మనకు అంత కాలము పట్టకుండుగాక.